కావలి కరెంటు, రామాయపట్నం హైడ్రోజన్: అణు విద్యుత్తుతో హైడ్రోజన్ తయారీ మనకు గిట్టుతుందా?

ఉలవపాడు నుంచి ఒక తమ్ముడు అడిగిన ప్రశ్న ఇది, క్లుప్తంగా: "రామాయపట్నం దగ్గర బీపీసీఎల్ రిఫైనరీ వస్తోంది. కావలి దగ్గర రష్యా రియాక్టర్లు పెడతారని కొన్నేళ్ల కిందట పేపర్లో వచ్చింది. ఈ రెండూ కలిసొస్తే, అణు కరెంటుతో హైడ్రోజన్ తయారు చేయడం మనలాంటి దేశానికి గిట్టుబాటు అవుతుందా? నేను కెమికల్ ఇంజనీరింగ్ ఫైనలియర్. ఈ లైన్లో భవిష్యత్తు ఉందా? మామిడి తోట ఉన్న మా నాన్నకు మాత్రం నీళ్ల గురించీ ప్రమాదం గురించీ ఒకటే టెన్షన్."

నేను నెల్లూరు వాణ్ణి. థర్మల్ కేంద్రాల కెమిస్ట్రీ విభాగంలో చాలాకాలం పనిచేశాను. జనరేటర్లను చల్లబరిచే హైడ్రోజన్‌ను నీళ్ల నుంచి తీసే ప్లాంటు నా చేతి కింద నడిచింది. తర్వాత ఎరువుల ఫ్యాక్టరీలో అమ్మోనియా వైపు ఉన్నాను. రియాక్టర్ల సంగతి మాత్రం చదివీ, ఆ రంగంలో ఉన్న మిత్రులను అడిగీ తెలుసుకున్నదే.

సూటిగా చెప్పాలంటే: టెక్నాలజీపరంగా ఇప్పుడే అవుతుంది. డబ్బుపరంగా ఈ పదేళ్లలో కాదు. హైడ్రోజన్ కోసమే కొత్త రియాక్టరు కట్టడం మనలాంటి దేశానికి ఇప్పట్లో తగదు. గ్రిడ్డులో బొగ్గు బాగా తగ్గాక, వాడేవాడు పక్కనే ఉన్నచోట, రిఫైనరీకీ, ఎరువులకు వాడే అమ్మోనియా తయారీకీ మాత్రం ఇది నిలబడుతుంది. ఎందుకంటున్నానో లెక్కలతో చెబుతాను. ఎక్కడైనా తేడా ఉందనిపిస్తే అడగండి.

ముందు ఒక అంకె గుర్తుపెట్టుకోండి: 52. నీటిని కరెంటుతో విడగొట్టి కిలో హైడ్రోజన్ తీయడానికి 50 నుంచి 55 యూనిట్లు పడుతుంది. నేను మధ్యలో 52 పట్టుకుంటాను. కంపెనీ బ్రోచర్లలో ఇంతకన్నా తక్కువ కనిపిస్తుంది కానీ అది సెల్ ఒక్కదాని లెక్క. పంపులు, రెక్టిఫయరు, డ్రయరు, కంప్రెసరు అన్నీ కలిపితే ఇక్కడికే వస్తారు. నమ్మకం కోసం ఒక ఉదాహరణ. అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రంలోని నైన్ మైల్ పాయింట్ అణు కేంద్రంలో 2023లో 1.25 మెగావాట్ల ఎలక్ట్రోలైజరు (కరెంటుతో నీటిని విడగొట్టే యంత్రం) పెట్టారు. రోజుకు 560 కిలోల హైడ్రోజన్ వస్తుంది. 1.25 మెగావాట్లు రోజంతా నడిస్తే 30 వేల యూనిట్లు. భాగించి చూడండి, కిలోకు 53 పైచిలుకు. ఆ హైడ్రోజన్‌ను వాళ్లు ఆ ప్లాంటు సొంత అవసరాలకే వాడుకుంటున్నారు. అంటే ఒకప్పుడు మేం థర్మల్ ప్లాంటులో చేసిన పనే, రియాక్టరు కరెంటుతో.

ఇప్పుడు అసలు సంగతి. ఈ 52 యూనిట్లను రెండు విధాలుగా వాడొచ్చు. ఒకటి, గ్రిడ్డులోకి పంపడం. మన దేశంలో బొగ్గు కరెంటు ఒక యూనిట్‌కు సుమారు కిలో కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది. 52 యూనిట్ల అణు కరెంటు వచ్చి అంత బొగ్గు కరెంటును తగ్గిస్తే 50 కిలోల దాకా పొగ ఆగుతుంది. రెండోది, దాంతో కిలో హైడ్రోజన్ తీయడం. సహజవాయువు నుంచి హైడ్రోజన్ తీసే మామూలు పద్ధతిలో కిలోకు 9 నుంచి 10 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. అంటే మనం ఆపగలిగేది ఆ 10 కిలోలే. అదే కరెంటు, అదే రియాక్టరు. గ్రిడ్డుకిస్తే 50 కిలోలు, హైడ్రోజన్ చేస్తే 10 కిలోలు. కృష్ణపట్నంలో బొగ్గు మండుతున్నంత కాలం కావలిలో వచ్చే అణు కరెంటును హైడ్రోజన్‌కు మళ్లించడమంటే, ఇంట్లో బోరు నీళ్లు బయట అమ్మేసి తాగడానికి ట్యాంకరు కొనుక్కున్నట్టే. "గ్రీన్" అన్న మాట విని ముచ్చటపడే ముందు ఈ లెక్క వేసుకోమని నేను అందరికీ చెబుతుంటాను.

పైగా మన దగ్గర ఉన్న అణు కరెంటు ఎంతని? దేశం మొత్తం ఉత్పత్తిలో 3 శాతం చిల్లర. 2024-25లో దేశంలోని రియాక్టర్లన్నీ కలిసి ఉత్పత్తి చేసింది 5,600 కోట్ల యూనిట్ల పైమాట. చివరి యూనిట్ దాకా హైడ్రోజన్‌కే పోసినా ఏడాదికి 11 లక్షల టన్నుల లోపే వస్తుంది. 2023 జనవరిలో కేంద్రం ఆమోదించిన గ్రీన్ హైడ్రోజన్ మిషన్ లక్ష్యమేమో 2030 నాటికి ఏటా 50 లక్షల టన్నులు. ఇంకోలా చెబుతాను. 1,000 మెగావాట్ల రియాక్టరు ఏడాది పొడుగునా బాగా నడిస్తే లక్షన్నర టన్నుల హైడ్రోజన్ వస్తుంది. ఆ లక్ష్యం కోసం అలాంటివి ముప్పైకి పైగా కావాలి.

అయితే కార్బన్ ఒక్కటే లెక్క కాదు, ఇది కూడా నిజాయితీగా చెప్పాలి. మనం వాడే సహజవాయువులో సగం దాకా ఓడల్లో దిగుమతి అయ్యేదే. అమ్మోనియా ఏటా 20 లక్షల టన్నులకు పైగా బయట నుంచి కొంటున్నాం. ఎక్కడో యుద్ధం వస్తే ఇక్కడ ఎరువుల సబ్సిడీ పెరిగిపోతుంది. సొంత కరెంటుతో సొంత హైడ్రోజన్ అనే ఆలోచనకు ఆ కోణంలో బలముంది. ఆ బలాన్ని నేను కాదనను. దాని ధర ఎంతో చూసుకుందాం అంటాను, అంతే.

ధర సంగతి. ఇది నా చేతి లెక్క. 1 మెగావాట్ ఎలక్ట్రోలైజరుకు సివిల్ పనులతో సహా 8 కోట్లు అనుకోండి. వడ్డీ, అరుగుదల కలిపి ఏటా 12 శాతం, అంటే 96 లక్షలు వసూలు కావాలి.

అణు కరెంటు మీద ఏడాదిలో 90 శాతం కాలం నడిచిందనుకుంటే లక్షన్నర కిలోల హైడ్రోజన్ వస్తుంది. యంత్రం ఖర్చు కిలోకు 63 రూపాయలు పడుతుంది. కరెంటు యూనిట్ 4 రూపాయలైతే దానికి 208. మొత్తం 271. అదే కరెంటు 6 రూపాయలైతే 375 అవుతుంది.

ఉత్త సోలార్ మీద నడిపితే కరెంటు రెండున్నరకే రావచ్చు, కిలోకు 130 రూపాయలు. కానీ ఏడాదిలో పావు వంతు కాలమే యంత్రం నడుస్తుంది. దాంతో యంత్రం ఖర్చు కిలోకు 228కి ఎగబాకుతుంది. మొత్తం 358. సోలార్, గాలి మరలు కలిపి 45 శాతం కాలం, యూనిట్ మూడున్నరకు తెచ్చుకుంటే 309 దగ్గర ఆగుతుంది.

సహజవాయువు నుంచి తీసే హైడ్రోజన్ గ్యాస్ ధరను బట్టి 150-200 రూపాయల మధ్య ఉంటుంది. ఇవన్నీ కాగితం మీది అంకెలు. నిజమైన టెండరు సంగతి కావాలంటే, 2025లో ఇండియన్ ఆయిల్ పానిపట్ రిఫైనరీకి ఏటా 10 వేల టన్నుల గ్రీన్ హైడ్రోజన్ ఇచ్చే కాంట్రాక్టు ఎల్ అండ్ టీకి కిలో 397 రూపాయలకు దక్కింది. జీఎస్టీ అదనం.

దీన్నిబట్టి తేలేదేమిటి? పెట్టుబడి తీరిపోయిన పాత రియాక్టరు కరెంటు అయితే సోలార్‌ను కొడుతుంది. కొత్త రియాక్టరు కరెంటు కొట్టదు. కొత్తగా కట్టే దిగుమతి రియాక్టరు కరెంటు 6 రూపాయల లోపు వస్తుందని నేను అనుకోను. పాతదాని కరెంటేమో ఎప్పుడో డిస్కంలకు (కరెంటు పంపిణీ సంస్థలకు) రాసిచ్చేశారు. కల్పాక్కం, కైగా అణు కేంద్రాల నుంచి మన డిస్కంలు తీసుకుంటున్నాయి. ఆ చవక కరెంటును లాగి హైడ్రోజన్‌కు పోస్తే, సాయంత్రం గిరాకీ బాగా పెరిగే పీక్‌లో డిస్కం కరెంటు ఎక్స్ఛేంజీకి పోయి కొనుక్కోవాలి. అక్కడ గరిష్ఠ పరిమితి యూనిట్ 10 రూపాయలు. ఆ తేడా చివరికి మన బిల్లులో సర్దుబాటు చార్జీ పేరుతో దిగుతుంది.

ఎరువు బస్తా మీద పెట్టి చూస్తే ఇంకా బాగా అర్థమవుతుంది. 45 కిలోల యూరియా బస్తాకు 25 కిలోల చిల్లర అమ్మోనియా కావాలి. అందులో హైడ్రోజన్ నాలుగున్నర కిలోలు. కిలో 300 రూపాయలైతే హైడ్రోజన్‌కే 1,350 దాటుతుంది. రైతు చెల్లిస్తున్నది బస్తాకు 270 రూపాయల లోపు. మిగతాదంతా సబ్సిడీ భరించాలి.

యూరియాలో ఇంకో చిక్కుంది. దీన్ని చాలామంది వదిలేస్తారు. యూరియా తయారీకి కార్బన్ డయాక్సైడ్ కూడా ముడిసరుకే, టన్ను యూరియాకు ముప్పాతిక టన్ను దాకా. ఇప్పుడది సహజవాయువు నుంచి హైడ్రోజన్ తీసేటప్పుడు ఫ్యాక్టరీలోనే వస్తుంది. నీళ్ల నుంచి హైడ్రోజన్ తీస్తే ఆ వాయువును వేరే చోటు నుంచి తెచ్చుకోవాలి. అందుకే శుభ్రమైన అమ్మోనియా ముందుగా వెళ్లేది యూరియాకు కాదు, డీఏపీకీ, మన వరి రైతులు వేసే 28-28, 20-20-0-13 లాంటి కాంప్లెక్స్ ఎరువులకీ. వాటికి అమ్మోనియా ఉంటే చాలు. 2025లో కేంద్రం జరిపిన గ్రీన్ అమ్మోనియా వేలంలో ఎక్కువగా కిలో 50-56 రూపాయల దగ్గర ధరలు పలికాయి. కొనేవాళ్లు కూడా ఎరువుల ఫ్యాక్టరీలే.

రిఫైనరీ సంగతి కొంచెం నయం. 2020 ఏప్రిల్ నుంచి బీఎస్-6 కాలుష్య ప్రమాణం వచ్చాక డీజిల్లో గంధకం 10 పీపీఎంకు (పది లక్షల్లో పది వంతులకు) దిగాలి, అంతకుముందు 50 ఉండేది. ఆ గంధకాన్ని తీసేది హైడ్రోజనే. రిఫైనరీకి అది రాత్రీ పగలూ, ఒకే ఒత్తిడితో, ఆగకుండా కావాలి. అది ఆగితే గంధకం తీసే ప్లాంటే ఆగుతుంది. బీపీసీఎల్ బోర్డు 2024 డిసెంబరులో మన దగ్గర ముందస్తు పనులకు 6,100 కోట్లకు ఆమోదం తెలిపింది. రిఫైనరీ లేచి నిలబడితే ఈ తీరంలో హైడ్రోజన్‌కు అదే పెద్ద గిరాకీ.

బస్సులు, కార్ల మాట మర్చిపోండి. ఒకప్పుడు నెల్లూరు జిల్లాలోనే ఉన్న శ్రీహరికోటలో రాకెట్టు పైదశకు ద్రవ హైడ్రోజన్ వాడతారు, మైనస్ 253 డిగ్రీల దగ్గర. ద్రవంగా మార్చడానికే కిలోకు ఇంకో 10-12 యూనిట్లు ఖర్చవుతుంది. రాకెట్టుకు అది తగిన ఖర్చే. ఆర్టీసీ బస్సుకు బ్యాటరీ ఉండగా ఎందుకు?

మరి అణు కరెంటుకు నిజంగా ఉన్న గొప్పతనం ఏమిటంటే, అది ఆగదు. ప్లాంటు నడిపినవాణ్ణి గనక దీని మీద కాస్త ఎక్కువ చెబుతాను. ఆల్కలైన్ ఎలక్ట్రోలైజరులో 25-30 శాతం కాస్టిక్ పొటాష్ ద్రావణం తిరుగుతూ ఉంటుంది. ఒక పక్క హైడ్రోజన్, ఇంకో పక్క ఆక్సిజన్, మధ్యలో డయాఫ్రం అనే పల్చటి పొర. పూర్తి లోడు మీద ఉన్నప్పుడు రెండు వాయువులూ వేటి దారిన అవి పోతాయి. లోడు తగ్గిస్తే ఉత్పత్తి తగ్గుతుంది గానీ, డయాఫ్రం గుండా అటూ ఇటూ జారే వాయువు తగ్గదు. లోడు పాతిక శాతం కిందికి వచ్చేసరికి ఆక్సిజన్ లైన్లో హైడ్రోజన్ శాతం పైకి పాకడం అనలైజరులో కనబడుతుంది. ఒక హద్దు దాటితే ప్లాంటు ట్రిప్ అవుతుంది, కావాలి కూడా. మా ప్లాంటులో ఆపి మొదలుపెట్టిన ప్రతిసారీ నైట్రోజన్‌తో లోపలి వాయువును తరిమేయడం (పర్జ్), స్వచ్ఛత వచ్చేదాకా వాయువును గాలిలోకి వదిలేయడం, సెల్ వోల్టేజీలు ఒక్కొక్కటీ చూసుకోవడం తప్పేది కాదు. షిఫ్టులో సగం దానికే పోయేది. రోజూ పొద్దున మొదలై సాయంత్రం ఆగే యంత్రం కన్నా నెలల తరబడి కదలకుండా నడిచే యంత్రం ఎక్కువ కాలం మన్నుతుంది. కొత్త పీఈఎం రకాలు (ద్రావణానికి బదులు పల్చటి పాలిమర్ పొర ఉండేవి) ఎగుడుదిగుళ్లను బాగా తట్టుకుంటాయి, కానీ వాటిలో ఇరిడియం, ప్లాటినం లాంటి ఖరీదైన లోహాలు కావాలి.

కాబట్టి నా దృష్టిలో సరైన కలయిక ఇది: పగలు రాయలసీమ సోలార్ పొంగిపొర్లేటప్పుడు ఆ కరెంటు, రాత్రి గిరాకీ తగ్గాక అణు కరెంటు, మధ్యలో సాయంత్రం పీక్‌లో ఎలక్ట్రోలైజరు కనీస లోడుకు దిగి కరెంటును ఊళ్లకు వదలడం. రియాక్టరు తన మానాన తాను పూర్తి లోడు మీద ఉంటుంది. దీనికి పోటీ కూడా ఉంది, చెప్పాలి. నంద్యాల జిల్లా పిన్నాపురంలో 1,680 మెగావాట్ల పంప్డ్ స్టోరేజి లాంటివి ఆ మిగులు కరెంటును నీళ్ల రూపంలో దాచి నాలుగింట మూడు వంతులకు పైగా తిరిగి ఇస్తాయి. హైడ్రోజన్‌ను మళ్లీ కరెంటుగా మార్చబోతే మూడో వంతు మిగలడం కష్టం. అందుకే హైడ్రోజన్‌ను హైడ్రోజన్‌గానే వాడాలి.

రియాక్టరు వేడి. పుస్తకాల్లో మీరు చదివే "అణు హైడ్రోజన్" చాలావరకు ఇదే. వేడిని కరెంటుగా మార్చేటప్పుడే మూడింట రెండు వంతులు సముద్రం పాలవుతుంది. నేరుగా వేడినే వాడుకుంటే? రెండు దారులున్నాయి. ఒకటి, 700-800 డిగ్రీల ఆవిరిని సాలిడ్ ఆక్సైడ్ సెల్‌లో (పింగాణీ లాంటి పొర ఉండే సెల్) కరెంటుతో విడగొట్టడం. దీనికి కరెంటు కిలోకు 40 యూనిట్ల దగ్గరికి దిగుతుంది. మామూలు రియాక్టరు ఆవిరి 300 డిగ్రీల లోపే అయినా నీటిని ఆవిరి చేసే పెద్ద ఖర్చు అదే మోస్తుంది, మిగతా వేడి కరెంటుతో ఎక్కించుకోవచ్చు. నాకు దీని మీదే ఆశ ఎక్కువ. సెల్‌ల మన్నిక ఇంకా పెరగాలి.

రెండోది అయోడిన్-సల్ఫర్ చక్రం, అంటే వేడితో, రసాయనాలతో నీటిని విడగొట్టే పద్ధతి. 850 డిగ్రీల పైన సల్ఫ్యూరిక్ యాసిడ్‌ను విడగొట్టాలి. ఆ వేడిలో, ఆ యాసిడ్‌లో నిలబడే లోహం దొరకడమే గగనం. జపాన్ వాళ్ల ఓరాయ్ ప్రయోగ రియాక్టరు 2004లోనే 950 డిగ్రీలు అందుకుంది. కానీ 2019లో ఈ చక్రాన్ని 150 గంటలు ఆపకుండా నడిపినప్పుడు కూడా అది చిన్న పరీక్షా పరికరమే, రియాక్టరుకు కలపనే లేదు. చైనాలో షిడావోవాన్ గ్యాస్ రియాక్టరు 2023 డిసెంబరులో వాణిజ్యపరంగా మొదలైంది, కానీ హైడ్రోజన్ కోసం కాదు. మన బార్క్ (భాభా అణు పరిశోధన కేంద్రం) కూడా ఈ చక్రం మీద ఏళ్లుగా పనిచేస్తోంది. హైడ్రోజన్ తయారీ కోసమని 5 మెగావాట్ల ఉష్ణ సామర్థ్యంతో అధిక ఉష్ణోగ్రత గ్యాస్ రియాక్టరును రూపొందిస్తోంది. అంత చిన్నదాన్ని చూసి పెదవి విరవకండి. ఈ పని నేర్చుకోవాలంటే చిన్నగానే మొదలుపెట్టాలి. కానీ మీ ఉద్యోగ జీవితం మొదటి సగంలో అది రామాయపట్నం రిఫైనరీకి హైడ్రోజన్ ఇస్తుందని అనుకోవద్దు.

మీ నాన్నగారి నీళ్ల భయం. కిలో హైడ్రోజన్‌కు రసాయన లెక్క ప్రకారం 9 లీటర్లు. శుద్ధిలో పోయేది కలిపి 20 లీటర్లు వేసుకుందాం. లక్షన్నర టన్నులకు ఏడాదికి 30 లక్షల ఘనపు మీటర్లు. మన భాషలో 0.1 టీఎంసీ. సోమశిల సామర్థ్యం 78, కండలేరు 68. పైగా ఇది తీరంలో సముద్రపు నీటిని మంచినీరు చేసి వాడుకోవచ్చు. దానికయ్యే కరెంటు ఘనపు మీటరుకు 3-4 యూనిట్లు, అంటే కిలో హైడ్రోజన్ మీద ఒక యూనిట్‌లో పదో వంతు కూడా పడదు. కాబట్టి హైడ్రోజన్ వంకతో పెన్నా నీళ్లు అడిగే కంపెనీని ఒప్పుకోకూడదు. కావాలంటే సముద్రం నుంచి తీసుకోమనాలి. ఈ మాట గ్రామసభలో గట్టిగా అడగండి, అది మీ హక్కు.

అసలు నీళ్లు కావాల్సింది రియాక్టరు చల్లదనానికి, అది సముద్రపు నీళ్లే. వేడెక్కిన నీటిని తిరిగి వదిలేటప్పుడు 7 డిగ్రీలకు మించి తేడా ఉండకూడదని నిబంధన. దాని ప్రభావం పడేది తోటల మీద కాదు, తీరంలో వల వేసేవాళ్ల మీద. వాళ్లను ముందే కూర్చోబెట్టి మాట్లాడకుండా ఏ ప్రాజెక్టూ మొదలుపెట్టకూడదు.

ప్రమాదం. ఫుకుషిమాలో 2011లో పేలింది హైడ్రోజనే గదా అని చాలామంది అడుగుతారు. అది నిజం. చల్లదనం పోయి ఇంధన గొట్టాల జిర్కోనియం ఆవిరితో కలిసి పుట్టించిన హైడ్రోజన్ అది. బయట తయారు చేసుకునే హైడ్రోజన్‌తో దానికి సంబంధం లేదు. అయినా రియాక్టరు పక్కన ఇంకో హైడ్రోజన్ ప్లాంటు అంటే దూరం, గోడలు, గాలివాటం అన్నీ కొత్తగా లెక్కేయాలి. ఇందులో రాజీ పడకూడదు.

హైడ్రోజన్‌తో కలిసి బతికినవాడిగా చెబుతున్నా, అది క్రమశిక్షణ ఉన్నచోట భయపెట్టదు. గాలిలో 4 నుంచి 75 శాతం దాకా ఎంత కలిసినా అంటుకుంటుంది. పట్టపగలు దాని మంట కంటికి ఆనదు. అందుకే జనరేటరులోకి హైడ్రోజన్ నింపేటప్పుడు గాలి మీద నేరుగా పంపరు. ముందు కార్బన్ డయాక్సైడ్ పంపి గాలిని పూర్తిగా తరిమేస్తారు. దాని శాతం చూసుకున్నాకే హైడ్రోజన్ పంపుతారు. ఖాళీ చేసేటప్పుడు ఇదే వరస తిరగబడుతుంది. మా హైడ్రోజన్ రూములో గోడలు మందంగా, కప్పు తేలిగ్గా ఉండేవి, పైన మూలల్లో వాయువు నిలవకుండా వెంట్లు ఉండేవి. స్పానర్లు నిప్పురవ్వ రాని లోహంవి. సెల్‌ఫోన్ గేటు దగ్గరే వదలాలి. ఎవరొచ్చినా ఎర్తింగ్ ప్లేటు ముట్టుకునే లోపలికి రావాలి, ఎంత పెద్ద ఆఫీసరైనా సరే. లీకేజీ చూడ్డానికి ప్రతి ఫ్లాంజి దగ్గర సబ్బునీళ్లు పూసేవాళ్లం. ఈ పనులన్నీ విసుగ్గా ఉంటాయి. కాంట్రాక్టు కుర్రాళ్లకు సరైన శిక్షణ ఇవ్వకుండా ఈ పనులు అప్పగించే చోటే నాకు భయం, టెక్నాలజీ వల్ల కాదు.

కావలి సంగతి. రష్యా రియాక్టర్లకు పశ్చిమ బెంగాల్లోని హరిపూర్‌కు బదులుగా కావలి పేరు వినిపించిన మాట వాస్తవం. కావలి నుంచి రామాయపట్నం పట్టుమని పాతిక కిలోమీటర్లు కూడా ఉండదు, కాగితం మీద చక్కటి జోడీ. కానీ అక్కడ నిర్మాణం లేదు. శ్రీకాకుళం జిల్లా కొవ్వాడలో 1,208 మెగావాట్ల రియాక్టర్లు ఆరు అనుకుని ఎన్నేళ్లయిందో చూస్తున్నాం. మన సొంత డిజైను అయిన కాక్రపార్ మూడో యూనిట్‌కు కూడా 2010లో కాంక్రీటు మొదలుపెడితే 2023 జూన్‌లో గానీ వాణిజ్య ఉత్పత్తి రాలేదు. కావలిలో రేపే పునాది వేసినా 2040 దగ్గర అనుకోవడం మంచిది. రిఫైనరీ అంతవరకు ఆగదు, సహజవాయువుతోనో, సోలార్, గాలి కరెంటుతోనో హైడ్రోజన్ చూసుకుంటుంది. అనకాపల్లి జిల్లా పూడిమడకలో 2025 జనవరిలో శంకుస్థాపన చేసిన ఎన్‌టీపీసీ హబ్ రోజుకు 1,500 టన్నుల హైడ్రోజన్ లక్ష్యంతో వస్తోంది, అదీ పునరుత్పాదక కరెంటుతోనే. కాబట్టి ఎవరైనా అణు కేంద్రం పేరు చెప్పి మీ నాన్నగారి తోటకు బేరం పెడితే, నోటిఫికేషన్ కాపీ చూపించమని అడగండి.

ఒక్క విధాన విషయం మాత్రం ఇప్పుడే మారాలని నా కోరిక. 2023 ఆగస్టులో కేంద్రం గ్రీన్ హైడ్రోజన్‌కు నిర్వచనం ఇచ్చింది: కిలోకు 2 కిలోల లోపు కార్బన్ డయాక్సైడ్, అదీ పునరుత్పాదక శక్తి నుంచి. అణు కరెంటు ఆ 2 కిలోల హద్దు లోపలే ఉంటుంది, కానీ పునరుత్పాదకం కాదు గనక ప్రోత్సాహకం రాదు. హద్దు కార్బన్‌కు పెట్టాక కరెంటు ఎక్కడి నుంచి వచ్చిందన్న వివక్ష ఎందుకు? ఇప్పుడు దానివల్ల పెద్ద లాభం లేకపోయినా, 2047 నాటికి 100 గిగావాట్ల అణు విద్యుత్తు అంటున్న ప్రభుత్వం ఈ తలుపు తెరిచి ఉంచాలి.

ఇక మీ చదువు. "అణు హైడ్రోజన్ నిపుణుడు" అనే ఉద్యోగం మన దగ్గర ఇంకా లేదు. దాని చుట్టూ ఉన్నవి చాలా ఉన్నాయి. ఎలక్ట్రోకెమిస్ట్రీ, లోహాల తుప్పు, ప్రాసెస్ సేఫ్టీ ఈ మూడూ గట్టిగా పట్టుకోండి. కరెంటు ఎక్కడి నుంచి వచ్చినా ఈ మూడూ పనికొస్తాయి. గేట్ రాయండి. ఆ స్కోరుతో బార్క్ ట్రైనింగ్ స్కూలుకూ, అణు విద్యుత్ కేంద్రాలు నడిపే ఎన్‌పీసీఐఎల్‌కూ దారి ఉంది, కెమికల్ వాళ్లను రెండు చోట్లా తీసుకుంటారు. రియాక్టర్లలో వాడే భారజలాన్ని తయారు చేసే కర్మాగారాలను చిన్నచూపు చూడకండి, మణుగూరులో ఒకటుంది. మన దేశపు మొదటి భారజల ప్లాంటు 1962లో నంగల్‌లో వచ్చింది, భాక్రా కరెంటుతో నీటిని విడగొట్టి ఎరువుల కోసం హైడ్రోజన్ తీసే ఫ్యాక్టరీకి అనుబంధంగా. శుభ్రమైన కరెంటు, ఎలక్ట్రోలైజరు, అమ్మోనియా, అణు శాఖ నాలుగూ ఒకే చోట! అరవై ఏళ్ల కిందట మన ఇంజనీర్లు నడిపించి చూపించారు. తర్వాత గ్యాస్, నాఫ్తా చవకై ఆ దారి పక్కకు పోయింది.

ఈ వేసవిలో ఇంటర్న్‌షిప్ చేయాలనుకుంటే పెద్ద పేర్ల వెంట పడకుండా, హైడ్రోజన్ ప్లాంటు ఉన్న ఏ థర్మల్ కేంద్రానికో, వనస్పతి ఫ్యాక్టరీకో మీ కాలేజీ నుంచి ఉత్తరం పెట్టించండి. అక్కడ షిఫ్టు కెమిస్టు దగ్గర లాగ్‌బుక్ అడిగి, లోడు తగ్గినప్పుడల్లా ఆక్సిజన్‌లో హైడ్రోజన్ శాతం ఎలా కదిలిందో గ్రాఫు గీసుకోండి. అది గీసి పంపితే నేను చూసి చెబుతాను.